కిందింటి కేక

సూర్యావతికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనేది, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనేది. ఆమె తాత సముద్రం దాటి బర్మా వచ్చి సేక్కాన్ రేవులో బస్తాలు మోశాడు. తండ్రి, సైన్యం మీద జనం తిరగబడ్డ ఎనభై ఎనిమిది నాటి గొడవల్లో, గుమ్మం దగ్గర నిలబడి అడిగేవాడికి నిజం చెప్పకూడదని నేర్పాడు. ఆ ఒక్క పాఠంతోనే ఆమెకు యాభై దాటాయి. పొద్దున్నే పబేడాన్ వీధి మూల దోసెలు పోసేది. భర్త సన్యాసి పోయాక మొదటి అంతస్తులో ఒంటరిగా ఉండేది.

ఆమెకున్న అనుమానాలన్నిటికీ పెద్దన్న కింది ఇంటి బుల్లియ్య. మనవాడే, రేవు కూలీల వంశమే. కానీ వార్డు ఆఫీసు కాగితాలు ఇంటింటికీ పంచే పని చేస్తాడు. సైన్యం గద్దెనెక్కిన ఏడాది రోజూ రాత్రి ఎనిమిదికి వీధి వీధంతా నిరసనగా గిన్నెలు మోగించింది. సూర్యావతి కొట్టిన కొట్టుడుకి దోసెల పెనం సొట్టపోయింది. కింది ఇంట్లో మాత్రం ఒక్క గరిటె మోగలేదు. ఆమెకి ఇంకే సాక్ష్యం కావాలి?

ఆ వానాకాలమే అన్నకొడుకు త్రినాథ్ చిన్న సంచితో వచ్చి తలుపు తట్టాడు. సమ్మెలో రైల్వే ఉద్యోగం మానేసినవాడు. సైన్యంవాళ్ళు వాడి కోసం వెతుకుతున్నారు. బయటివాళ్ళు ఒక్క రాత్రి పడుకున్నా వార్డు ఆఫీసులో చెప్పాలని రూలు. సూర్యావతి చెప్పలేదు. దొరికితే ఇద్దరికీ జైలే.

అప్పట్నుంచి ఆ ఇంట్లో చప్పుళ్ళన్నీ ఒక్కరివే. అత్త నడిచినప్పుడే అల్లుడు నడిచేవాడు, రుబ్బే మిషను తిరుగుతున్నప్పుడే దగ్గేవాడు. అన్నీ దాచగలిగాడు గానీ ఫుట్‌బాల్ పిచ్చిని దాచలేకపోయాడు. శనివారం సాయంత్రం నెట్ ఉంటే అత్త ఫోన్లో ఆట పెట్టుకుని, నోట్లో తువ్వాలు కుక్కుకుని చూసేవాడు. కింద బుల్లియ్య టీవీలో అదే ఆట. ఫోన్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి, కింద ముసలాయన కేక వేశాక ఇక్కడ బంతి వలలో పడేది. ఆట మజా అంతా ముందే పోతోందని త్రినాథ్ ఏడ్చేవాడు.

ఒక శనివారం తువ్వాలు జారింది. కింది కేక వెనకాలే పైనుంచి కూడా కేక వెళ్ళింది, మగ గొంతుతో.

మర్నాడు మెట్ల మీద బుల్లియ్య ఆగాడు. "సెల్లే, నువ్వు కూడా బంతాట సూస్తన్నావేటి?"

సూర్యావతి వెంటనే అందుకుంది. ఫోన్లో చూస్తున్నానని, ఒక్కర్తికీ పొద్దుపోవడం లేదని చెప్పింది. అక్కడితో ఊరుకుంటే పోయేది. సన్యాసి ఏటేటా ప్రభుత్వానికి టీవీ లైసెన్సు కట్టి, ఆయుధపూజనాడు దానికి బొట్టు పెట్టేవాడు. ఆ టీవీ చచ్చి ఏళ్ళయింది. నేనూ చట్టం తెలిసినదాన్నేనని చూపించుకోవడానికి నోరు జారింది. "ఫోన్లో ఆట సూడ్డానికి కూడా లైసెన్సు కట్టాలేటి అన్నియ్యా?"

ముసలాయన ఆమెని తేరిపార చూశాడు. "ఆఫీసులో అడిగి సెప్తాను," అన్నాడు.

ఎవరూ గుమ్మడికాయల మాటెత్తకుండానే తన భుజాలు తానే తడుముకుంది సూర్యావతి. ఆఫీసువాళ్ళు ఎవరికి కావాలని అడుగుతారు. ఈయన ఫలానా ఇల్లని చెబుతాడు. ఇక వాళ్ళు మెట్లెక్కుతారు. ఫోన్ల దుకాణం భాస్కర్‌ని అడిగితే అక్కర్లేదన్నాడు. పూలమ్మే చిలకమ్మ, బొమ్మ కదిలే ప్రతిదానికీ లైసెన్సుందంది. అడిగిన ప్రతి నోరూ తన గుట్టుకి ఇంకో చిల్లు అని తోచి, అడగడం మానేసింది.

చూస్తున్నానని చెప్పింది కనుక ఇక చూడక తప్పలేదు. త్రినాథ్ పళ్ళెంలో కందిపప్పు ఒక జట్టు, మినప్పప్పు ఒక జట్టు పెట్టి ఆట నేర్పాడు. శనివారాలు ఆమె తన గొంతు చించుకుని అరిచేది, దాని కింద వాడి గొంతు మునిగిపోయేలా. ముసలితనంలో ఈవిడకిదేం రోగమని వీధి నవ్వింది. బుల్లియ్య నవ్వలేదు, లైసెన్సు సంగతీ చెప్పలేదు. ఆ మౌనం ఆమెను మరీ భయపెట్టింది.

అలా ఉండగా ఒక శనివారం, పొద్దు గూకే వేళ, ఆట సగంలో కింద కేక లేచింది. ఎప్పుడూ లేనంత పెద్దగా, ఇల్లదిరేలా. త్రినాథ్ ఫోనుకి దగ్గరగా జరిగి, మన బంతి దారిలో ఉందని నవ్వాడు. ఇద్దరూ ఎదురుచూశారు. బంతి మైదానం మధ్యలోనే దొర్లుతోంది. ఎప్పుడూ పట్టేంత సేపు పట్టింది, ఇంకా పట్టింది. గోల్ రాలేదు.

జీవితమంతా మోసిన అనుమానం ఆ క్షణాన ఆమెకి పనికొచ్చింది. గోల్ పడకుండా మనిషెందుకు అరుస్తాడు? త్రినాథ్ రెక్క పట్టుకుని లేపింది. "మేడ మీంచి పక్క మేడకి ఎల్లిపో. ఆలోసించకు, ఎల్లు."

వాడు చెప్పులు చేత పట్టుకుని పైకి పోయాడు. వాడి గ్లాసులో టీ తన గ్లాసులో పోసుకుని, ఖాళీది తొట్టిలో పడేసేసరికి బూట్లు మెట్లెక్కాయి. సోదా జట్టు ముందు కింద బుల్లియ్యని టీవీ దగ్గర్నుంచి లేపి, ఇళ్ళు చూపించమని వెంటబెట్టుకొచ్చింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

మంచం కింద చూశారు, బీరువా తెరిచారు. పోబోతూ వాళ్ళ పెద్ద ఫోను వైపు వంగాడు. వాడికీ ఆట పిచ్చి ఉన్నట్టుంది. గోల్ ఎవరు కొట్టారని బర్మీస్‌లో అడిగాడు. తెర మూలన అంకెలు సున్నా, సున్నా. వాడు తెరని చూశాడు, బుల్లియ్యని చూశాడు. ఇందాక ఈ ముసలాడు దేనికి అరిచాడని అడిగాడు.

సూర్యావతి నవ్వేసింది. ఆయనకి చూపు ఆనదని, బంతి గోలు దగ్గరికొచ్చిందంటే చాలు అరుస్తాడని, ఈ ముసలాడి మూలంగా తను ఒక్క ఆటా సుఖంగా చూడలేదని బర్మీస్‌లోనే దులిపేసింది. మినప్పప్పు జట్టు ఎంత చేతకానిదో కూడా చెప్పింది, అసలు పేరుతోనే. వాడు విసుక్కుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు మొదటి వాయి దోసెలు ఆకులో కట్టి కింది తలుపు తట్టింది. అన్నన్ని నెలలు ఈ మనిషిని తిట్టుకున్నందుకు ఆమెకి తలెత్తబుద్ధి కాలేదు. బుల్లియ్య పొట్లం అందుకుని, వీధి అటూ ఇటూ చూశాడు.

"ఆఫీసులో నానేటీ అడగనేదు సెల్లే," అన్నాడు మెల్లిగా. "ఒక్కలు సూస్తే లైసెన్సు అక్కర్నేదు. ఇద్దరు సూస్తేనే సిక్కు."

తలుపు వేసేసుకున్నాడు.

త్రినాథ్ ఊరి చివర మింగళాడోన్ వెళ్ళే బస్సెక్కాడని ఒక్క కబురొచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. తరవాతి శనివారం ఇంట్లో ఆమె ఒక్కతే. వాడు లేని ఇల్లు భరించలేక, ఫోను ఆపేసి చీకట్లో కూర్చుంది. కింద కేక వినిపించింది. ఎప్పుడూ పట్టేంత సేపు ఆగి, సూర్యావతి కూడా గట్టిగా అరిచింది.