ఎక్కడ తెగిందే గుంటా?

నా చిన్నప్పుడు నా కాళ్ళు నా మాట వినేవి కావు. పుస్తకం పట్టుకుని పీట మీద కూర్చుంటే చాలు, ముందు బొటనవేలు కదిలేది, తర్వాత మడమ, ఆ తర్వాత మోకాలు. కాసేపటికి పీట ఖాళీ, నేను వీధి చివర చెరకు బళ్ళ వెనక. చోడవరంలో చెరకు ఆడే క్రషింగ్ రోజుల్లో చక్కెర మిల్లుకు వెళ్ళే బళ్ళు అలా వరస కట్టి నిలబడి ఉంటే పిల్లలు ఇళ్ళలో కూర్చుని ఎలా చదివేవారో నాకిప్పటికీ అర్థం కాదు. ఒక గడ లాక్కుని నమలకుండా ఇంటికొస్తే నాకు ఆ రోజంతా దండగైపోయినట్టే ఉండేది.

అమ్మ తిట్టి తిట్టి విసిగిపోయింది. బళ్ళో మాస్టారు గోడ కుర్చీ వేయించి విసిగిపోయారు. నాన్న విసుక్కోలేదు, ఒకే ఒక్క మాట చెప్పేశాడు. ఆ ఏడాది నాకు ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష. తప్పితే బడి మాన్పించి మాడుగులలో ఉన్న మా మేనత్త ఇంటికి పంపేస్తానన్నాడు. అత్తకు చంటిపిల్ల, ఎత్తుకోవడానికి మనిషి కావాలి. నాన్న అన్నాడంటే అన్నట్టే. మాడుగుల హల్వా అంటే నాకు ప్రాణం గానీ, ఆ ఏడాది మాత్రం ఆ ఊరి బస్సు హారన్ వినబడితే వెళ్ళి తలుపు వెనక నక్కేదాన్ని. భయమేస్తే కాళ్ళు ఇంకా ఊగేవి. అవి ఊగితే చదువు సాగేది కాదు. సాగకపోతే మళ్ళీ భయం.

పక్కింటి అప్ప బియస్సీ పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో బట్టలు కుట్టేది. అక్కను మా వైపు అప్ప అంటాం, ఆడపిల్లను గుంట అంటాం. అమ్మ వెళ్ళి బతిమాలితే సాయంత్రాలు నన్ను పంపమంది. మొదటి రోజే నేను లేచి పారిపోబోయాను. అప్ప జడ పట్టుకుని ఆపి, కాసేపు నా కాళ్ళవంక చూసింది. "ఒసే గుంటా, అవెలాగూ ఊరుకోవు. ఇలా తే, ఆటికీ ఏదో పని సెబుదాం" అంది. తన కుట్టు మిషన్‌కి అవతలి వైపు పొట్టి స్టూలు వేసి, నా పాదాలు పెడల్ మీద పెట్టించింది.

అప్పట్నుంచి నేను తొక్కేదాన్ని, తను కుట్టేది. పాత చీరలు మడత మీద మడత వేసి ఒక బొంత మొదలెట్టింది. బొంతలు చేత్తో కుడతారు గానీ మిషన్ మీద ఎవరైనా కుడతారా అని వీధిలో ఆడవాళ్ళు నవ్వేవారు. అప్ప పట్టించుకునేది కాదు. కింద పెద్ద చక్రం ఒకసారి తిరిగితే పైన చిన్నది ఎన్నిసార్లు తిరుగుతోందో లెక్కపెట్టించి నిష్పత్తి నేర్పింది. బెల్టు జారిన రోజున రాపిడి పాఠం అయిపోయింది. సూది కిందికి వెళుతున్న చీర ముక్క పట్టుకుని, పత్తి ఏ నేలలో పండుతుందో, సముద్రం అవతలి మరమగ్గాల బట్ట వచ్చి పడ్డాక మన నేతగాళ్ళ నోటి దగ్గర కూడు ఎలా పోయిందో చెప్పింది. ఆ కథ విన్నప్పుడు నాకు కోపమొచ్చి ఎంత జోరుగా తొక్కానంటే కుట్టు వంకర పోయింది.

తొక్కుడు మిషన్‌కి ఒక గుణముంది. కాలు తడబడిందా, చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగుతుంది. తొక్కుతూనే అప్పకు పాఠం అప్పజెప్పాలి. నాకు వచ్చినంతవరకూ కాళ్ళు హాయిగా నడిచేవి, రాని చోటికి రాగానే ఆగిపోయేవి. నోటితో ఎంత బుకాయించినా కాళ్ళు నన్ను పట్టిచ్చేసేవి. అప్ప తిట్టేది కాదు. సూదిలో మళ్ళీ దారం ఎక్కిస్తూ, "ఎక్కడ తెగిందే?" అనేది, అంతే. నేను వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. భిన్నాలు కూడటం వచ్చు, హారాలు వేరువేరుగా ఉంటేనే తెలీదు, అక్కడ తెగింది. ఆపాటి చెబితే చాలు, తెగిన కొసలు ముడేసి అక్కణ్ణించే మళ్ళీ మొదలెట్టేది.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం నాన్న చెప్పాపెట్టకుండా వచ్చాడు. గుమ్మంలో నిలబడి నా కాళ్ళు చూశాడు.

"ఏటమ్మా ఇది? సదువు సెప్పమని పంపితే గుంట సేత మిషన్ తొక్కిస్తన్నావా? రేపే మాడుగుల పంపేస్తాను" అన్నాడు.

అప్ప గుడ్డ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "కోప్పడకు బాబాయ్. నీకేటి కావాలో నువ్వే అడుగు" అంది.

నాన్న పుస్తకాల మనిషి కాదు, ఏటా బెల్లం వండే మనిషి. కాసేపు ఆలోచించి తనకు తెలిసిన పనిలోంచే అడిగాడు. బెల్లం వండే పెద్ద పెనంలో చెరకు రసం పొంగి పొర్లబోతుంటే కాస్త ఆముదం చుక్క వేస్తాం కదా, ఆ పొంగు ఎందుకు అణుగుతుంది?

నా కాళ్ళు కాస్త తొక్కి ఆగిపోయాయి. దారం తెగింది. నాన్న తల పక్కకు తిప్పుకున్నాడు. మాడుగుల బస్సు ఆ గుమ్మంలోకే వచ్చి ఆగినట్టయింది నాకు. అప్ప సూదికి దారం ఎక్కిస్తూ, రోజూ అడిగినట్టే, "ఎక్కడ తెగిందే?" అంది.

ఏడుస్తూనే చెప్పాను. రసం మరిగితే ఆవిరి పైకొస్తుంది నాన్నా. అది బుడగల్లో చిక్కుకుంటుంది, ఆ బుడగలన్నీ చేరితే పొంగు. నూనె పడగానే బుడగలు పగిలిపోతున్నాయి. ఎందుకు పగులుతున్నాయో తెలీదు, అక్కడ తెగింది.

నాన్న గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. "ఇన్నేళ్ళు వండేను. నాకూ అక్కడే తెగిపోతాదే" అన్నాడు.

అప్ప ఫక్కున నవ్వింది. "నాకూ అక్కడే బాబాయ్. మా కాలేజీ మేడమ్‌ని అడిగొస్తానుండు" అంది. పెద్దవాళ్ళకు కూడా తెగుతుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. నాన్న ఆ తర్వాత మాడుగుల మాట ఎత్తలేదు.

పరీక్ష హాల్లో బెంచీ కింద కాళ్ళు తొక్కుతూనే రాశాను. కాపలా మాస్టారు కసిరారు, అయినా అవి ఆగితేగా. గొప్ప మార్కులేమీ రాలేదు, పాసయ్యాను. ఆ తర్వాత బడి నన్ను వదల్లేదు, నేనూ దాన్ని వదల్లేదు. ఉద్యోగం వచ్చి ఊరు విడిచి వెళుతూ అప్ప ఆ బొంత నా భుజాన వేసింది. తడిమితే ముడులే ముడులు.

ఇప్పుడు మా మనవరాలికి ఫోన్లో ట్యూషన్. ఆ మేడమ్ మంచిదే, ఓపికగా చెబుతుంది. కానీ పాపం ఆవిడకు పిల్ల మొహం కనిపిస్తుంది గానీ కాళ్ళు కనిపించవు. ఆ కాళ్ళు ఎవరి కాళ్ళో నాకు బాగా తెలుసు. అందుకే బల్ల కింద ఆ బొంత మడిచి వేస్తాను. పిల్ల దాని మీద పాదాలు ఆడిస్తూ వింటుంది. "అర్థమైంది మేడమ్" అంటుంది. ఆ మాట అంటుండగానే ఒక్కోసారి పాదం ఆగిపోతుంది. పాఠం అయ్యేదాకా ఉండి, వెళ్ళి పక్కన కూర్చుంటాను. నా కాళ్ళు ఈ వయసులోనూ ఊరుకోవు, వాటినీ ఆ బొంత మీదే పెట్టుకుని మెల్లగా అడుగుతాను.

"ఎక్కడ తెగిందే గుంటా?"