మసి అంటిన ఫొటో

నా చిన్నప్పుడు అల్లూరులో జనం ఫొటో దిగేది ఉన్నది ఉన్నట్టు కనబడటానికి కాదు, తెల్లగా కనబడటానికి. మా నాన్న తమ్ముడికి అక్కడ స్టూడియో ఉండేది. ఆయన్ను చిన్నాయన అనేవాణ్ణి. అక్కడికి వచ్చినవాళ్లు ముందు అద్దం దగ్గరికి పోయి, పక్కనున్న డబ్బాలోంచి మొహానికి పౌడరు అద్దుకునేవాళ్లు. అదీ చాలదనుకున్నవాళ్లు పోతూ పోతూ "కొంచెం రంగు తేల్చు సామీ" అని చెప్పేవాళ్లు. చిన్నాయన ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి సన్నటి పెన్సిలుతో మొహం దిద్దేవాడు. ఫిల్ము మీద నల్లగా దిద్దితే కాగితం మీద తెల్లగా వస్తుంది. చెడిపోయిన ఫిల్ముల మీద నేనూ ఆ పని నేర్చుకున్నాను. నా అంత బాగా దిద్దేవాడు లేడని నాకు గట్టి నమ్మకం.

ఆ ఏడు తుఫానులో సముద్రం ఒడ్డున ఉన్న, చేపలు పట్టే పట్టపువాళ్ల పాలెం సగం కొట్టుకుపోయింది. వేటకు పోయిన పడవ ఒకటి తిరిగి రాలేదు. వాన తెరిపిచ్చాక ఒక అక్క చంకలో బిడ్డతో వచ్చి స్టూడియో మెట్ల మీద కూర్చుంది. ఆమె మొగుడు ఆ పడవలో ఉన్నాడు. శవం దొరకలేదు. అంతకుముందు తిరనాళ్లకు వచ్చినప్పుడు అతను మా దగ్గర ఒక ఫొటో దిగాడు. ఆ ఫొటో కూడా గుడిసెతోపాటే పోయింది.

"కర్మనాడు ఎదురుగా పెట్టుకునేదానికి మనిషీ లేడు, బొమ్మా లేదు సామీ. మీకాడ ఉంటాదని చెప్పినారు" అంది.

చిన్నాయన డబ్బాలన్నీ వెతికి ఆ ఫిల్మును పట్టుకున్నాడు. సోమవారం కాగితం మీద వేసి ఇస్తానని ఆమెను పంపి, నాకు చూపించాడు. "చూడరా అబ్బయా, ఆ మనిషి మిగిలింది ఇంతే. ముట్టుకోబాక."

ఆదివారం కడుపునొప్పి అని చెప్పి చర్చి ఎగ్గొట్టాను. చిన్నాయన అటు పోగానే ఫిల్ము తీశాను. ఏడ్చుకుంటూ పోయిన ఆ అక్కకు మంచి ఫొటో ఇవ్వాలని నా ఆశ. మంచి ఫొటో అంటే నాకు తెలిసింది తెల్లటి ఫొటోనే. ఎండకూ ఉప్పుగాలికీ మాడిన ఆ మొహమంతా దిద్దాను. కనుబొమ మీది గాటును పూడ్చేశాను. మరీ ఎక్కువైందనిపించి తడిగుడ్డతో తుడిచాను. పెన్సిలు పోలేదు, తడికి ఇంకా లోపలికి దిగింది. చెవి దగ్గర ఫిల్ము పొర లేచి గుడ్డకు అంటుకుని వచ్చేసింది.

చిన్నాయన వచ్చి చూసి, చీకటిగదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. మరునాడు ఆ ఫిల్మునే కాగితం మీద వేసి, నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పాలెం తీసుకుపోయాడు.

ఆ అక్క తాటాకు పందిరి కింద పొయ్యి ముందు ఉంది. ఫొటో అందుకుని చాలాసేపు చూసింది.

"ఎవురిది సామీ ఇది?"

పక్కనున్న ముసలామె, పోయినవాడి తల్లి, తొంగి చూసింది. "ఎవురో కరణం కొడుకు మాదిరి ఉండాడే! నా కడుపున ఇంత తెల్లోడు యాడ పుడతాడు? మావోడు కాడులే, పోగొట్టుకున్నోళ్లకు ఇచ్చెయ్" అంది.

"నాదే తప్పు తల్లీ. చెయ్యి జారింది" అన్నాడు చిన్నాయన.

నేను ఆయన పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ అక్క చట్టి అడుగు నుంచి వేలితో మసి తీసింది. ఫొటోలోని నుదుటికీ చెంపలకూ, బిడ్డకు నూనె రాసినట్టు, మెల్లగా రాసింది. కనుబొమ మీద గోటితో గీటు పెట్టింది. చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. "ఇప్పుడు కొంచెం ఆయన మాదిరి ఉండాడు. చూడత్తా" అంది. ముసలామె చూసింది. చెంగు నోట్లో కుక్కుకుంది.

ఇంకొంచెం రాస్తే ఇంకా దగ్గరవుతాడనుకుందేమో, మళ్లీ రాసింది. ఆపలేకపోయింది. కళ్లు కూడా మసిలో కలిసిపోయాయి. కర్మకు ఆ నల్ల కాగితాన్నే పెట్టారని తరువాత విన్నాను.

తిరిగి వస్తుంటే చిన్నాయన వెనక్కి చూడకుండా అన్నాడు. "నల్లగా ఉంటే బాగుండరని నీకు నేర్పింది నేనే గదరా." మరునాటి నుంచి స్టూడియోలో పౌడరు డబ్బా కనబడలేదు.

ఆయన పోయాక స్టూడియో నా చేతికి వచ్చింది. జనం అడుగుతున్నారని ఆ డబ్బాను మళ్లీ పెట్టింది నేనే. కంప్యూటరు వచ్చాక పెన్సిలు కష్టం కూడా తప్పింది. చుట్టుపక్కల ఇళ్లలో దండలు వేసుకున్న పటాల్లో ఎన్నో మొహాలు నేను తేల్చినవే. ఆ అక్క బతికుండగా ఎప్పుడైనా వెళ్లి, ఆ పని చేసింది చిన్నాయన కాదని చెప్పి ఉండాల్సింది. వెళ్లలేదు.

మా అమ్మ పోయినప్పుడు ఆమె పటానికీ అదే పని చేశాను. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి దానంతటదే చేసుకుపోయింది. అమ్మ అసలు రంగు చూపించే ఫొటో ఇప్పుడు మా ఇంట్లో ఒక్కటీ లేదు. నాదీ ఆమె రంగే అంటుంది మా అక్క. పటం ముందు నిలబడినప్పుడల్లా నా నల్లటి చేతిని ఆ తెల్లటి చెంప పక్కన పెట్టి, అమ్మను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంటాను.