మద్రాసు జూలో బాపు పేరు

మేమిప్పుడు ఉంటున్న వీధిలో ఒక్క ఇంటి నుంచి మాత్రం పీర్ల పండుగకు ఇంకా మలీద వస్తుంది. వేడి గోధుమ రొట్టెలను చేతులు కాలుతుండగానే నలిపి, తరిగిన బెల్లం, నెయ్యి కలిపి, ఆకులో పెట్టి గేటు మీదుగా అందిస్తారు. మొన్న ఆ పొట్లం విప్పగానే నెయ్యి వాసన కంటే ముందు నాకు రైలు పెట్టె వాసన వచ్చింది, దాని వెనకే పచ్చిగడ్డి, పేడ, తడిసిన జంతువు కలిసిన జూ వాసన వచ్చింది. పొట్లం మూసి పక్కన పెట్టాను. దాదాపు నలభై ఏళ్ళ నాటి ఒక విషయం నేనుగా అందరికీ చెప్పకుండా ఈ మలీద తినడం నా వల్ల కావడం లేదు.

ఎనభైల చివరి రోజుల్లో మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక నడుమెత్తు గోడ, గోడకు అవతల యూసుఫ్ కాక ఇల్లు. సాయంత్రమయ్యేసరికి ప్రతి క్వార్టరు ముందూ బొగ్గు కుప్ప అంటించి పొగంతా పోయేదాకా వదిలేసేవాళ్ళు, ఆ పొగలో మేము చిర్రగోనె ఆడుతూ బిళ్ళ ఎటు పోయిందో కనబడక ఒకరి మీద ఒకరం పడేవాళ్ళం. చలికాలం పొద్దున అదే కుప్పల చుట్టూ మొదటి షిఫ్టుకు పోయే మనుషులు చేతులు కాచుకుంటూ నిలబడితే, సైరన్ మోగగానే అందరూ ఒక్కసారి లేచిపోయి, మంట దగ్గర కుక్కలూ మేమూ మిగిలేవాళ్ళం. మధ్యాహ్నం వాళ్ళు తిరిగి వచ్చినప్పుడు కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనిపించేవి కావు. మా నాన్నను, అంటే బాపును, నడక చూసి గుర్తుపట్టేవాణ్ణి.

సద్దుల బతుకమ్మనాడు మా ఇంట్లో మలీద ముద్దలు కట్టేవాళ్ళు, పీర్లప్పుడు యూసుఫ్ కాక ఇంట్లో కట్టేవాళ్ళు. మా అమ్మను నేను అవ్వ అనేవాణ్ణి. అవ్వ ముద్దల్లో నువ్వులుండేవి, కాక భార్య చాచీ ముద్దల్లో యాలకులుండేవి. గోడ మీదుగా గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి, ఖాళీ గిన్నె తిరిగిచ్చే అలవాటు రెండు ఇళ్ళలోనూ లేదు.

బాపుకు రెండు పేర్లుండేవి. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఓదెలు. గనిలో పేరు కొమురయ్య. కొమురయ్య మా పెదనాయన. పని ఆయనకు వచ్చింది. ఆయన మొదటిరోజు భూమిలోకి దిగి, తలమీద కప్పు చిటపటమంటుంటే విని, షిఫ్టు సగంలోనే పైకి వచ్చి, అటునుంచి అటే మా ఊరికి నడిచిపోయాడు. మరునాడు ఆయన కాగితం పట్టుకుని బాపు దిగాడు. ఆ రోజుల్లో బొగ్గు బాయిల్లో అట్లా మారుపేర్లతో పనిచేసేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. ఎవరికి వాళ్ళు తమదొక్కటే రహస్యమనుకుని భయపడేవాళ్ళు, ఎందుకంటే బయటపడితే పని పోతుంది, పనితోపాటు ఇల్లూ పోతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అవ్వ చెప్పిన మాట ఒకటే. "ఊళ్ళె ఓదెలు, ఖనిల కొమురయ్య. మర్సినవంటె మన పొయ్యి ఆరుతది బిడ్డా." బడి రిజిస్టర్లో నేను కొమురయ్య కొడుకును. సెలవుల్లో మా ఊరికి పోతే ముసలవ్వ, అంటే మా నాయనమ్మ, ఇంకో పాఠం చెప్పేది. "జాతరల తప్పిపోతె ఏడ్వకు. ఓదెలు కొడుకునని చెప్పు, ఎవరన్న తోల్కొస్తరు."

కాలనీలో ఈ సంగతి తెలిసింది యూసుఫ్ కాకకు ఒక్కడికే. ఆయన పంపు ఫిట్టరు, బాపుతో ఒకే షిఫ్టు. ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా బాపును కొమురన్నా అనే పిలిచేవాడు, ఇంట్లో అలవాటు పడిన నోరు బజార్లో జారుతుందని.

నేను ఐదో తరగతిలో ఉండగా ఎల్టీసీ వచ్చింది. కార్మికుడు పెళ్ళాంపిల్లలతో ఊళ్ళు చూసి రావడానికి కొన్నేళ్ళకొకసారి కంపెనీ ఇచ్చే ప్రయాణమది. ఎనిమిది కుటుంబాలు కలిసి రామేశ్వరం బయలుదేరాం. బాపు గనిలో హాజరు రాసే గుమాస్తా నర్సింగరావు సారు కూడా కుటుంబంతో వచ్చాడు. రైలు పొద్దున్నే మద్రాసులో దింపింది, రామేశ్వరం రైలు మళ్ళీ రాత్రికి. ఆ ఒక్క పగటికి ఒక బస్సు మాట్లాడుకున్నారు.

ఆ పగలు నాకిప్పటికీ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. సముద్రం ముందు మా వాళ్ళంతా ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి, రోజూ గని నీళ్ళలో నిలబడి పనిచేసేవాళ్ళే అయినా, అలకు భయపడి చేతులు పట్టుకుని నిలబడ్డారు. దీపస్తంభం చూసి ఒకాయన, "గింతేనా, మన బాయిల దిగే షాఫ్టుల సగం లేదు" అన్నాడు. మల్లెపూల వాసన, ఎండు చేపల వాసన, కాఫీ వాసన ఒకదాని మీద ఒకటి వస్తుంటే చాచీ బస్సులో రేకు డబ్బా విప్పి అందరికీ మలీద పంచింది. దారి ప్రయాణానికని పండుగ కాకపోయినా చేసింది.

జూ ఊరికి చాలా దూరంలో ఉంది. లోపల చెట్లు, ఎర్రమట్టి బాటలు, అక్కడక్కడ కొమ్మలకు కట్టిన మైకులు. ఆడవాళ్ళు డబ్బాలు పెట్టుకుని గేటు దగ్గర నీడలో కూర్చున్నారు, పిల్లలం మగవాళ్ళ వెంట నడిచాం. పులి చుట్టూ తవ్విన కందకం చూసి మా వాళ్ళు పులిని వదిలేసి దాని లోతెంత, రాయి పడిందా మట్టి పడిందా అని మాట్లాడుకున్నారు. నీటి ఏనుగు కళ్ళూ ముక్కుపుటాలూ మాత్రం బయటపెట్టి బురదనీళ్ళలో పడుకుని ఉంది.

"మన ఓవర్‌మెన్ సారు గిట్లనే గదా," అన్నాడు యూసుఫ్ కాక. "పండుకున్నట్టే ఉంటడు, కండ్లు మాత్రం మన మీదనే."

అందరూ నవ్వుకుంటూ ముందుకు పోయారు. నీటి ఏనుగు నోరు తెరిస్తే చూడాలని నేను ఆగిపోయాను. అది తెరవలేదు. తిరిగి చూస్తే మా వాళ్ళెవరూ లేరు.

ఎంత పరుగెత్తానో తెలియదు. ఒక ఖాకీ చొక్కా ఆయన చెయ్యి పట్టుకుని ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ కూర్చున్న పెద్దాయనకు తెలుగు వచ్చు. ఏ ఊరు, మీ నాయన పేరేమి అని అడిగాడు. ఆ ఏడుపులో నాకు అవ్వ మాట గుర్తు రాలేదు, ముసలవ్వ మాట వచ్చింది. "ఓదెలు," అన్నాను. "ఓదెలు కొడుకును."

ఆయన మైకు ముందుకు లాక్కున్నాడు. "గోదావరిఖని నుంచి వచ్చిన ఓదెలు ఎక్కడున్నా ఆఫీసుకు రావాలి, మీ అబ్బాయి ఇక్కడ ఉన్నాడు." ఆ మాట జూ అంతా తిరిగి చెట్లలోంచి నా దగ్గరికే వచ్చినట్టనిపించింది. నేను వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాను. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు. బాపు వస్తాడని నాకెంత నమ్మకమంటే, ఏడుపు ఆపి చొక్కాతో ముఖం తుడుచుకున్నాను.

వచ్చింది యూసుఫ్ కాక. తలమీద టోపీ, గడ్డం, చెమట.

"ఓదెలు నేనే," అన్నాడు.

పెద్దాయన టోపీని చూశాడు, గడ్డం చూశాడు. "ఇదేం పేరయ్యా నీకు?"

"మా అమ్మ ఓదెల మల్లన్నకు మొక్కుకొని కన్నది సార్. మొక్కు తప్పుతదా?"

పుస్తకంలో సంతకం పెట్టమంటే ఆయనకు వచ్చిన ఉర్దూ అక్షరాల్లో, కుడి నుంచి ఎడమకు, మా బాపు పేరు రాశాడు. బయటికి రాగానే నా ముందు గొంతుకూర్చుని జేబులోంచి కాగితంలో చుట్టిన మలీద ముద్ద తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు తప్పిపోలే బేటా. నాతోనే ఉన్నవ్. సమజైందా?"

నాకు సమజు కాలేదు. చెట్ల మధ్యనుంచి వస్తుంటే బాపు కనిపించాడు. జిరాఫీల కంచె పట్టుకుని, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. పక్కనే నర్సింగరావు సారు. వాళ్ళ నెత్తిమీద, చేయెత్తితే అందేంత ఎత్తున, కొమ్మకు కట్టిన మైకు ఉంది. అంటే మూడుసార్లూ విన్నాడు.

"ఎవడు భాయ్ ఆ ఓదెలు, మన ఖనోడట?" అని సారు అడిగాడు.

"ఖనిల ఓదెలులకేం తక్వ సారూ, గల్లికొకడు," అన్నాడు కాక. సారు నవ్వాడు.

బాపు నా వైపు తిరిగి, "ఏడ తిరుగుతున్నవ్‌రా" అన్నాడు, అంతే. మళ్ళీ జిరాఫీని చూశాడు. ఆ జిరాఫీ నల్లటి నాలుక చాచి ఆకులు తెంపుతుంటే అందరూ చూస్తున్నారు. నా చేతిలోని ముద్ద చెమటకు కరిగిపోయింది, నేను తినలేదు.

రామేశ్వరంలో ఏం చూశానో గుర్తులేదు. దారంతా బాపుతో మాట్లాడలేదు. రైల్లో ఆయన నా కాళ్ళు తన ఒడిలోకి తీసుకుంటే గుంజుకున్నాను. పేరెందుకు దాచాలో నాకు తెలుసు, పదేళ్ళవాణ్ణి, తెలియనంత చిన్నవాణ్ణి కాను. కానీ కొడుకు తప్పిపోయాడని మైకు చెబుతుంటే కదలకుండా నిలబడే మనిషి బాపు ఎట్లా అవుతాడన్నదే నా ప్రశ్న. కంచె పట్టుకున్న ఆ చేతులు ఎంత బిగుసుకుని ఉన్నాయో, యూసుఫ్ కాకను నా కోసం తరిమింది ఎవరి చూపో, అప్పుడు ఆలోచించలేదు.

తిరిగి వచ్చాక రెండు వారాలకు, ఒక ఆదివారం సాయంత్రం, నర్సింగరావు సారు ఇంటికి టీవీ చూడ్డానికి పోయాను. మా వరుసలో టీవీ ఉన్నది ఆ ఇంట్లోనే. చాప మీద పిల్లలమంతా కూర్చున్నాం. కరెంటు పోయి పిల్లలందరూ బయటికి పరుగెత్తారు. సారు చేతిలో మురుకుల పళ్ళెం ఉందని నేను ఆగాను.

"పిలగా, ఆ మద్రాసుల ఓదెలు ముచ్చట నాకింక తెగలే," అన్నాడు ఆయన ఊరికే, నవ్వుతూ. "ఎవరై ఉంటడంటవ్?"

ఎవరైనా అడగాలనే నేను ఎదురుచూస్తున్నట్టున్నాను. "మా బాపే," అన్నాను. "ఇన్నడు. ఇని గూడ రాలే."

ఆయన నవ్వు ఆగిపోయింది. పళ్ళెం నా ముందుకు జరిపి, "ఇంకో మురుకు తీస్కో" అన్నాడు. తీసుకున్నాను. అది తింటూ ఇంటికి నడిచాను.

కొద్దిరోజులకు ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం చేరింది. సారే రాశాడో, ఆయన దగ్గర విని మరెవరు రాశారో నాకు తెలియదు. ఆయన్ను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. విచారణకు మా ఊరి నుంచి పెదనాయనను పిలిపించారు, ఆయన అందరి ముందూ కొమురయ్య నేనేనని ఏడ్చాడు. బాపును పనిలోంచి తీసేశారు. క్వార్టరు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది.

ఆ సాయంత్రం బాపు వెనక గోడ దగ్గరికి పోయి యూసుఫ్ కాకను పిలిచాడు. నేను వంటింటి గడపలో నిలబడ్డాను.

"ఈ కాలనీల నా పేరు ఎరుకైనోనివి నువ్వొక్కనివే," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఓదెలు నేనేనంటివి గద భాయ్. ఆ ఓదెలునే అమ్ముకుంటివి."

కాక నోరు తెరిచాడు. అప్పుడే ఆయన చూపు బాపు భుజం మీదుగా నా మీద పడింది. నేను తల దించుకున్నాను. ఒక్క మాట, "కాక కాదు, నేను" అంటే చాలు. ఆ మాట అనలేదు.

"నీ ఇష్టం కొమురన్నా," అన్నాడు కాక. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

మేము సామాను ఎడ్లబండికి ఎత్తుతున్నప్పుడు చాచీ డబ్బా పట్టుకుని వచ్చింది. అవ్వ ముఖం తిప్పుకుంది. డబ్బా గోడ మీదే ఉండిపోయింది.

బాపుకు సొంత పేరు తిరిగి వచ్చింది, ఆ పేరుతో తిండి పెట్టే పని మాత్రం రాలేదు. ఇటుక బట్టీల్లో, లారీల మీద పదేళ్ళు బతికి, గని ఇచ్చిన దగ్గుతోనే పోయాడు. పోయేదాకా యూసుఫ్ కాక పేరు ఎత్తలేదు. చివరి నెలల్లో నేను ఆయన కాళ్ళు ఒత్తుతూ ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. చెబితే యూసుఫ్ కాక ఆయనకు తిరిగి దొరికేవాడు, కొడుకు దూరమయ్యేవాడు. నేను దూరం కాదలుచుకోలేదు. అంతకు మించి కారణం లేదు.

కాక బదిలీ పెట్టించుకుని మందమర్రి పోయాడని విన్నాను. బాపు పోయాక నేను అక్కడికి పోయేసరికి ఆయన కూడా బతికి లేడు. చాచీకి చూపు తగ్గింది. ఎవరని అడిగితే కొమురయ్య కొడుకునన్నాను, కూర్చోమంది. అంతా చెప్పాను. ఆమె చాలాసేపు కొంగు కొస మడుస్తూ విన్నది.

"ఆయనకెరుకే బేటా. గోడకాడ్నే ఎరుకైంది," అన్నది. "చెప్పుండ్రి అని నేను లడాయి చేసిన. 'పోరడు ఒకపారి తప్పిపోయిండు, మళ్ళొకపారి తప్పిపోనియ్యొద్దు' అన్నడు." కొంగు వదిలేసి, "గాని బాధపడ్డడు," అన్నది. "కొమురన్న గంత మాటంటడనుకోలే. మల్ల ఎవ్వలతోని దోస్తీ చెయ్యలే."

మా కాలనీ ఇప్పుడు లేదు. భూమిని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని వచ్చి క్వార్టర్లనూ, చిర్రగోనె ఆడిన జాగానూ, నడుమెత్తు గోడనూ తవ్వుకుపోయింది. ఎవరి ఇంటి ముందూ బొగ్గు కుప్ప రాజేయరు. ఆనాడు రైల్లో వెంట వచ్చినవాళ్ళలో నలుగురైదుగురు మిగిలారు. పోయిన నెల ఒక పెళ్ళిలో వాళ్ళలో ఒకాయన తన మనవలకు చెబుతున్నాడు, పక్కింటి తురకాయన ఉప్పందించి ఓదెలు కొంప ముంచాడని. నేను విస్తరి ముందే ఉన్నాను, తింటూనే ఉన్నాను.

ఆ రోజు మూడుసార్లు పిలిస్తే, తనది కాని పేరుకు ఒక మనిషి లేచి వచ్చాడు. ఉప్పందించిందెవరని ఇన్నేళ్ళుగా పిలుస్తున్నది మాత్రం నన్నే. విన్నాను, విని కూడా లేవలేదు. ఇది రాసి ముందుగా ఆ పెళ్ళిలో మాట్లాడిన పెద్దాయనకు పంపుతున్నాను. మలీద పొట్లం ఇంకా బల్లమీదే ఉంది.