పిన్నమ్మ వడగట్టిన నీళ్లు

మొన్న కర్మాగారాల పేట మనలి మీదుగా బస్సులో వెళుతుంటే కిటికీలోంచి ఆ పాత ఘాటు లోపలికి వచ్చింది. పక్కసీటు కుర్రవాళ్లు ఫోనులోంచి తలెత్తలేదు గానీ, నా చేయి మాత్రం తనంతట తానే ముక్కు మీదికి పోయింది. కాలుష్యాన్ని అదుపు చేసే సర్కారు ఆఫీసులో కెమిస్టుగా చేరి, తర్వాత అక్కడే న్యాయవిభాగంలో నిబంధనలు రాస్తూ తల నెరిసినవాణ్ణి, ఆ ఘాటులో ఏమేమి ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను. చెప్పవలసిన నాడు మాత్రం నోరు మెదపలేదు.

మా పిన్నమ్మ వాళ్లు మనలిలో ఒక కర్మాగారం వెనక వీధిలో ఉండేవారు. ఆ కర్మాగారం వదిలే నీళ్లు తమ బావుల్లోకి దిగుతున్నాయని వీధివాళ్లంతా కోర్టుకెక్కితే, పరీక్షకు నీళ్ల నమూనా తీసే పని నా మీద పడింది. అయినవాళ్ల వీధి అని చెప్పి తప్పుకోవలసింది. మనవాళ్లకు మేలు జరుగుతుంది కదా అని ఊరుకున్నాను. ఆ రోజు ఎండలో తిరిగి తిరిగి పిన్నమ్మ ఇంట్లో అన్నానికి కూర్చుని, ఎంగిలి చేత్తో లేవలేక, కర్మాగారానికి అన్నిటికన్నా దగ్గరిదని నమూనాకు ఎంచిన ఆ పెరటి బావి నీళ్లు సీసాలో పట్టమని ఆమెకే చెప్పాను. భోంచేసి కాస్త నడుం వాల్చి లేచేసరికి సీసా సిద్ధంగా ఉంది. లక్కతో సీలు వేసి, స్వయంగా తోడానని సంతకం పెట్టాను.

పరీక్షలో నీళ్లలో ఏ దోషమూ తేలలేదు. ఆశ్చర్యపోయినా, ఉన్నది ఉన్నట్టు రాసి కోర్టుకు పంపాను. ఆ తర్వాత ఒక ఆదివారం పిన్నమ్మ మురిపెంగా చెప్పింది: "ఆడ నలుగురూ చూసే నీళ్లు గదా నాయనా, ఆ కంపుతో అట్నే ఎట్ట ఇచ్చేది? రెండు మడతల గుడ్డలో వడగట్టి, బాగా కాచి, చల్లార్చి పోశాను."

మేము వెతికింది గుడ్డకు అంటుకుపోయే నూనె జిడ్డు, కాస్తే ఆవిరైపోయే ద్రావకం. అప్పటికి తీర్పు ఇంకా రాలేదు. నిజం చెబితే, తోడింది నేను కాదని ఒప్పుకోవాలి. కొత్తగా పెళ్లయినవాణ్ణి, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. పిరికివాణ్ణి, అంతే. కేసు కొట్టేశారు.

వీధివాళ్లు మాధవరం నుంచి బిందెలతో నీళ్లు తెచ్చుకోసాగారు. పిన్నమ్మ మాత్రం, మావాడే పరీక్ష చేశాడు, బాగున్నాయని సంతకం కూడా పెట్టాడు, ఇంక మోతలెందుకు, కాచడమెందుకు అని ఆ బావి నీళ్లే పచ్చిగా తాగింది, బాబాయికీ పోసింది. నేను వెళ్లినప్పుడల్లా చెంబుతో నాకూ ఇచ్చేది. నేను తాగేవాణ్ణి, వద్దని మాత్రం అనలేకపోయాను. బాబాయి కడుపునొప్పితో మంచం పట్టి పోయాడు, రెండేళ్లకు ఆమె కూడా పోయింది. ఆ నీళ్ల వల్లేనా అంటే, కెమిస్టుగా రుజువు లేదంటాను. కెమిస్టుగా మాత్రమే.

నమూనా అధికారే తోడాలి, సీలు పడేదాకా సీసా చేయి మారకూడదు అన్న నిబంధనను తర్వాత నేనే గట్టిగా రాసి, ఎందరికో పాఠంగా చెప్పాను. ఆ బావిని ఎప్పుడో పూడ్చేశారు.

ఈ కాలంలో సర్కారు కాగితాన్ని ఎవరూ నమ్మరని నా వయసువాళ్లు వాపోతుంటారు. నేను వాపోను. నా సంతకాన్ని నమ్మిన మనిషి ఒకప్పుడు నాకు ఉండేది.