ధర్మవరంలో వెనక్కి పిలిచిన అవ్వ

పెనుకొండ కోట చూసుకుని, నేనూ మా ఆవిడా ధర్మవరంలో ఓ నేతవాళ్ల ఇంటికి వెళ్లాం. మగ్గం పక్కనున్న నెమలికంఠం రంగు చీర ఆవిడకు తెగ నచ్చింది.

"అది సోమందేపల్లి పెండ్లికూతురికి నేసింది, ఇయ్యలేమప్పా" అంది ఆ ఇంటి అవ్వ.

నేను నమ్మలేదు. ధర పెంచడానికి మా చీరల అంగడిలో నాయన కూడా ఇలాగే లేని పెండ్లికూతుళ్లను పుట్టించేవాడు. లేచి వెళ్తే ధర దిగుతుందని, "పద, వేరేచోట చూద్దాం" అంటూ గడప దాటాను.

"ఉండప్పా! యాడికి పోతాండారు?"

దారికొచ్చిందనుకుని, మొహం బిగించుకుని తిరిగాను.

అవ్వ చేతిలో కుంకుమ భరిణె ఉంది. "ముత్తైదువ బొట్టు పెట్టించుకోకుండా పోతాందే!" అంటూ మా ఆవిడకు బొట్టు పెట్టింది. "ఇట్లాంటిదే నీకూ నేసిస్తాంలే తల్లీ. వచ్చేటప్పుడు ఈయప్పను మాత్రం తోడుకోని రావద్దు."

మా ఆవిడ నన్ను అడక్కుండానే సరేనంది.