బీమ్ జోడించినోనికి చద్దర్ రాదు

మంగళవారం నేను బీకాం పాసైన. మా ఖాందాన్‌ల డిగ్రీ చేసింది నేనే ముందుగాల. బుధవారం పొద్దుగాల్నే మా నాయనమ్మ నన్ను తన వీలునామాకు ఎగ్జిక్యూటర్‌ను చేసింది! మా మగ్గాలోళ్ల దాజీ పేట్‌ల నేను ఈ ముచ్చట చెప్పని గడప లేదు.

మా పెద్దనాయన మాత్రం ఆ కుర్చీ తనదే అనుకున్నడు. ఎగ్జిక్యూటర్ అంటే ఇంటికి మాలక్ అని ఆయన తెలివి. వకీలు రాకముందే ఇస్త్రీ అంగీ తొడిగి, జేబుల రెండు పెన్నులు పెట్టుకొని కూసున్నడు. ఒక్క పెన్నుతోనే సంతకం సక్కగ రాదు, రెండెందుకో! అంతటితోని ఆగిండా? వెనక అర్రల బీడీలు చేసుకునే మా మేనత్త చాటను, ఆకు కట్టలను వాకిట్ల పడేసిండు. అత్తకు మొగుడు లేడు, ఆ అర్ర తప్ప వేరే నీడ లేదు. నాయనమ్మ దాన్ని ఆమె పేరు మీదనే రాస్తనన్నది. ఈయనకు అదే కడుపుమంట.

"ఎగ్జిక్యూటర్‌గ ఎవర్ని పెట్టాలె, ఆజీ?" అని అడిగిండు వకీలు.

"పెద్దోన్ని నేనున్న కదా," పెద్దనాయన ముందుకు జరిగిండు.

"నువ్వు జోడించిన బీమ్‌ల ఏ పోగు సక్కగుండె రా?" అన్నది నాయనమ్మ.

మగ్గం మీద పడుగు చుట్టిన బీమ్ అయిపోతే, కొత్త బీమ్ పోగులను పాతవాటికి ఒక్కొక్కటే ముడేయాలె. ఏ పోగు ఆ పోగుకే. మా పెద్దనాయన పక్క పోగుకు ముడేసి, చద్దర్ మీద పువ్వు వంకరొస్తే మగ్గాన్ని తిట్టే రకం.

"సాబ్, ఆ పనేందో వీనికి జర సమజ్ చెయ్యి," అన్నది నాయనమ్మ వకీలుతోని.

వకీలు చెప్పిండు. ఆమె పోయినంక బాకీలుంటే తీర్చాలె, కోర్టు కాయిదాలకు తిరగాలె, రాసింది రాసినట్టు ఎవరిది వాళ్లకు అప్పజెప్పాలె. ఒక్క ఇటుక గూడ ఇటుది అటు చేసే హక్కు లేదు.

"మరి నాకేం మిగుల్తది?" అన్నడు పెద్దనాయన.

"బీమ్ జోడించినోడు చద్దర్ కప్పుకొని పోతడారా?" అని నాయనమ్మ నా దిక్కు తిరిగింది. "ఏం బిడ్డా, నువ్వు చేస్తవా?"

"చేస్త," అన్న. మాట పూర్తిగ అడగనిచ్చిన్నో లేదో గూడ యాది లేదు.

పెద్దనాయన లేచిండు. "గంత చదివి పోరికి హమాలీ దొరికింది! నాకేం గరజ్?"

గంతే మనిషి. రాజ్యమనుకొని ఉరికొచ్చిండు, మోత అనంగనే మొకం తిప్పిండు. చాయ్ మాత్రం తాగే పోయిండు.

సంతకాలైనంక అత్త లేచింది. వాకిట్లకెళ్లి చాట తెచ్చుకొని అర్రల తన జాగల కూసున్నది.

"తలుపు దగ్గరికెయ్యి బిడ్డా," అన్నది, "గాలికి తంబాకు ఎగుర్తున్నది."