పెద్దగారి కుర్చీ

అరవైల్లో మాట. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. నూజివీడు దగ్గర మామిడి తోటలో అమ్మా నేనూ కూలికి వెళ్లేవాళ్లం. ఆ తోట కౌలుదారే మా ఏసుప్రభు గుడికి సంఘపెద్ద. గుడిలో అందరికీ చాపలు, ఆయనకొక్కడికే కుర్చీ. ఆయన రాని వారం కూడా ఆ కుర్చీ ముందు వంగి నడిచేవాళ్లం. అది మమ్మల్ని దీవించిందో లేదో తెలియదు.

ఒక ఆదివారం అమ్మకు జ్వరం. కింద కూర్చోలేకపోతుంటే తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. అంతలో పెద్దగారు వచ్చారు. పాట ఆగిపోయింది.

"లేపవే మీ అమ్మని! రేపట్నుంచి తోటలో అడుగు పెట్టారంటే చూడండి!"

అమ్మ లేవబోయింది. భుజం పట్టి ఆపాను.

"విగ్రహాలకి మొక్కకూడదని మీరే చదువుతారు కదండీ. బడి మానేసినదాన్నయినా ఆ ఆజ్ఞ నాకూ వచ్చు. ఈ నాలుగు కాళ్లదానికి ఇక మొక్కలేమండీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన విసురుగా వెళ్లిపోయారు.

దారిలో అమ్మ, "పని పోయిందే, ఇప్పుడెట్టా?" అంది.

"అన్నం పెట్టేది ఆయనే అనుకున్నన్నాళ్లూ మన దేవుడూ ఆయనేగా అమ్మా. పోనీ!"

ఆ వేసవంతా హనుమాన్ జంక్షన్‌లో లారీలకు మామిడి బుట్టలు ఎత్తి బతికాం. తోట పోయింది గానీ గుడి మానలేదు. ప్రతి ఆదివారం వెళ్లి ముందు వరసలోనే కూర్చున్నాం.